ల్యాప్‌టాపుకూ పళ్లు చూడాలి



సంతలో ఎద్దును కొనేటప్పుడు మనల్ని మోసం చెయ్యడం అంత తేలిక కాదు. నోరు తెరిచి పళ్లు చూస్తాం. పది అడుగులు నడిపించి చూస్తాం. గిట్టలు చూస్తాం, మెడ నిమిరి చూస్తాం, సుళ్లు ఎక్కడున్నాయో వెతుకుతాం. పక్కన నలుగురిని అడుగుతాం. అప్పుడు గాని బయానా ఇవ్వం. అదే మనిషి పిల్ల కోసమో, పిల్లడి కోసమో ఇరవై, ముప్పై వేలు పట్టుకుని కోటవురట్ల నుంచి నర్సీపట్నం బస్సెక్కితే మాత్రం, దుకాణం వాడు ఏది చూపిస్తే దానికి తలూపి వచ్చేస్తున్నాడు. పైన మెరుపు చూస్తాడు, ధర చూస్తాడు, అంతే. లోపల ఏముందో అడగడు. అడిగితే తెలివితక్కువగా ఉంటుందేమోనని మొహమాటం.

ఆ మొహమాటమే మన కొంప ముంచుతోంది. రెండెకరాల రైతుకు ముప్పై వేలంటే మాటలా? చెరకు కొట్టి, బెల్లం వండి, కూలీలకు, ఎరువుల కొట్టుకు ఇవ్వగా మిగిలేది ఎంతో మనకు తెలుసు. జీడిపిక్కలు ఏరి అమ్మిన డబ్బు మొత్తం ఒక పెట్టెలో పోసి ఇంటికి తెస్తే, ఆ పెట్టె ఆరు నెలలకే నత్తలా నడుస్తూ, సంవత్సరానికి మూలనపడితే నష్టం డబ్బొక్కటే కాదు. ఆ పిల్ల చదువు దగ్గర ఒక మెట్టు విరుగుతుంది. అందుకే ఈ మాటలు. కంప్యూటరు తెలిసినవాళ్ల కోసం కాదు ఇవి. తెలియని మనకోసమే.

అసలు కావాలా?

ముందు ఈ ప్రశ్న వేసుకోండి. దుకాణం వాడు ఈ ప్రశ్న వెయ్యడు.

అడంగల్, 1బి చూసుకోవడానికి ల్యాప్‌టాపు అక్కర్లేదు. మీభూమి ఫోనులోనే తెరుచుకుంటుంది. పీఎం కిసాన్ డబ్బు పడిందో లేదో చూడాలన్నా ఫోను చాలు. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన మన మిత్ర సేవ వాట్సాప్‌లోనే నడుస్తుంది. 9552300009 నంబరుకు మెసేజీ పెడితే సరిపోతుంది. పంట ధరలు, వాతావరణం, వీడియోలు అన్నీ ఫోనులోనివే. వీటికోసం ఎవరైనా ల్యాప్‌టాపు కొనమంటే, దుక్కి దున్నడానికి లారీ కొనమన్నట్టే.

ఇంటరు దాకా చదివే పిల్లలకు కూడా చాలావరకు ఫోను, పుస్తకం చాలు. ఇంట్లో టైపు చెయ్యాల్సిన పని అప్పుడప్పుడూ పడితే, ఫోనుకు తగిలించే కీబోర్డు వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. ఓటీజీ అనే చిన్న పిన్ను ఒకటి కావాలి. ఉత్తరాలు, దరఖాస్తులు దానితో కొట్టుకోవచ్చు.

మరి ల్యాప్‌టాపు ఎప్పుడు కావాలి? డిగ్రీలో, పాలిటెక్నిక్‌లో, ఇంజినీరింగులో చేరాక. మన రాష్ట్రంలో 2020-21లో డిగ్రీ చదువు తీరు మారింది. ఇంటర్న్‌షిప్పులు, ఊళ్లో తిరిగి చేసే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టులు వచ్చాయి. వాటికి పేజీలకు పేజీలు రిపోర్టులు టైపు చెయ్యాలి, పట్టికలు గియ్యాలి. కామర్స్ పిల్లలకు లెక్కల సాఫ్ట్‌వేర్, కంప్యూటర్ పిల్లలకు ప్రోగ్రాములు. ఇవి ఫోను మీద అయ్యే పనులు కావు. ప్రతిసారీ ఇంటర్నెట్ సెంటరుకు పోతే పేజీకింత, గంటకింత. పైగా సాయంత్రం ఆరు దాటితే ఆడపిల్ల ఊరికి తిరిగి రావడం ఒక బెంగ. అలాంటి ఇంట్లో ల్యాప్‌టాపు ఆడంబరం కాదు. నాగలి లాంటిది. కొనాల్సిందే. అయితే ఏది కొనాలి అన్నదే తగువు.

కాడెద్దులు, కళ్లం, గాదె

పెట్టె లోపల గుర్తుపెట్టుకోవాల్సినవి మూడే మూడు.

మొదటిది ప్రాసెసర్. ఇది కాడెద్దుల జత. పనంతా లాగేది ఇదే. ఐ3, ఐ5 అనీ, రైజెన్ 3, రైజెన్ 5 అనీ పేర్లుంటాయి. మామూలు చదువు పనికి వీటిలో చిన్నది చాలు. సెలెరాన్ అనే పేరుతో చాలా చవక పెట్టెలు వచ్చాయి. అవి లేగదూడలు. ఒక్క పనైతే మెల్లగా చేస్తాయి, రెండు పనులు ఒకేసారి కట్టబెడితే చతికిలబడతాయి.

రెండోది ర్యామ్. ఇది కళ్లం. కుప్ప నూర్చాలంటే కళ్లం ఎంత వెడల్పుంటే పని అంత సులువు. గాదెలో ఎంత చోటున్నా, కళ్లం ఇరుకైతే పని సాగదు. ల్యాప్‌టాపులో ఒక పక్క రిపోర్టు, ఇంకో పక్క ఇంటర్నెట్, మరో పక్క మాస్టారి క్లాసు తెరిస్తే అన్నీ ఈ కళ్లం మీదే పడతాయి. నేటి రోజుల్లో 8 జీబీ ర్యామ్ కనీసం. విండోస్ 11 నడవడానికి 4 జీబీ చాలని కంపెనీయే రాస్తుంది. నడవడం వేరు, పని చెయ్యడం వేరు. నీళ్లు లేని బోరు మోటారు కూడా తిరుగుతూనే ఉంటుంది కదా!

మూడోది స్టోరేజీ. ఇది గాదె. ఇందులో మూడు రకాలు. పాత హార్డ్ డిస్క్ లోపల చక్రంలా తిరుగుతుంది. చోటు ఎక్కువ, వేగం తక్కువ, కింద పడితే పాడయ్యే గుణం ఎక్కువ. ఎస్‌ఎస్‌డీ తిరగదు, కదలదు, వేగం చాలా ఎక్కువ. ఇక ఈఎంఎంసీ అని ఒకటుంది. చవక పెట్టెల్లో పెట్టేది ఇదే. ఎక్కువగా 64 జీబీయే ఉంటుంది. అందులో విండోసే పెద్ద భాగం తినేస్తుంది. కొత్త అప్‌డేట్ వచ్చినప్పుడు చోటు లేదంటుంది. పోనీ తరవాత పెంచుకుందామా అంటే బోర్డుకు అతికించేసి ఉంటుంది, మార్చడానికి వీల్లేదు. కాబట్టి ఎస్‌ఎస్‌డీ, అదీ 256 జీబీకి తగ్గకుండా.

ఎనిమిది జీబీ ర్యామ్, 256 ఎస్‌ఎస్‌డీ. ఈ రెండు ముక్కలు చీటీ మీద రాసుకుని జేబులో పెట్టుకోండి. ఇది నేను ఊహించి చెప్పేది కాదు. తమిళనాడు ప్రభుత్వం కాలేజీ విద్యార్థులకు ఇవ్వడానికి 2025లో టెండర్లు పిలిచినప్పుడు అడిగింది కూడా ఇంచుమించు ఈ కొలతే.

మరీ చవక వెనుక కథ

పేదవాడికి, పల్లెటూరి వాడికి అతి చవకగా కంప్యూటరు ఇద్దామన్న ఆలోచన కొత్తదేం కాదు. మంచి మనసుతో చేసినవాళ్లు ఉన్నారు. బెంగళూరు శాస్త్రవేత్తలు సింప్యూటర్ అని చేతిలో పట్టే యంత్రం తయారు చేశారు. 2004లో అది బజారుకు వచ్చింది. నాలుగు రోజులు పేపర్లలో మోగింది, తరవాత మరుగున పడింది. అమెరికాలో నికొలస్ నెగ్రోపాంటే అనే ఆయన 2005లో వంద డాలర్లకే ల్యాప్‌టాపు అన్నాడు. తయారై వచ్చేసరికి ధర ఇంచుమించు రెండింతలైంది. మన కేంద్ర ప్రభుత్వం 2006లోనే మాకొద్దంది.

2011 అక్టోబరు 5న ఢిల్లీలో ఆకాశ్ ట్యాబ్లెట్ విడుదలైంది. వాటి బిగింపు మన హైదరాబాద్‌లోనే జరిగింది. ధర రెండు వేల పైచిలుకు. ప్రపంచంలోకెల్లా చవకైన ట్యాబ్లెట్ అని పేరు. లోపల ర్యామ్ 256 ఎంబీ. అంటే ఇప్పుడు మనం అడుగుతున్న 8 జీబీలో ముప్పై రెండో వంతు. తెర మీద గట్టిగా నొక్కితే గాని కదిలేది కాదు, బ్యాటరీ పూట కూడా ఆగేది కాదు. పిల్లలు విసుక్కుని పక్కన పెట్టేశారు.

మన రాష్ట్రం సంగతి చూడండి. 2021 జనవరిలో అమ్మఒడి 15 వేల నగదుకు బదులు 9 నుంచి 12వ తరగతి పిల్లలు కోరుకుంటే ల్యాప్‌టాపు ఇస్తామని అప్పటి ప్రభుత్వం ప్రకటించింది. అప్పుడు చెప్పిన కొలత 4 జీబీ ర్యామ్. ఎందరో తల్లులు ల్యాప్‌టాపు కావాలని రాసిచ్చారు. ఆ పథకం అమలుకు నోచుకోలేదు. 2022 డిసెంబరులో 8వ తరగతి పిల్లలకు ట్యాబులు ఇచ్చారు.

ఇందులో తప్పొప్పులు ఎవరివో తేల్చడం నా పని కాదు. మనం నేర్చుకోవాల్సింది ఒక్కటే. లక్షల్లో ఒకేసారి కొనగలిగిన ప్రభుత్వాలే పనికొచ్చే యంత్రాన్ని కారుచవకగా తేలేక తంటాలు పడ్డాయి. అలాంటిది ఒక్కటంటే ఒక్కటి కొనే మనకు, పది వేలకే సరికొత్త ల్యాప్‌టాపు అని ఎవరైనా అంటే, లోపల ఏదో తగ్గించకుండా ఎలా ఇస్తాడు? కళ్లం తగ్గించి ఉంటాడు, లేదా గాదె తగ్గించి ఉంటాడు. పైన రంగు మాత్రం తగ్గించడు. అనకాపల్లి బెల్లం సంగతి మనకు తెలియనిదా? హైడ్రోసు వేసి తెల్లగా మెరిపించిన దిమ్మకు చూపులో ధర ఎక్కువ. రుచి, నిలవ ఎందులో ఉన్నాయో వండినవాడికి తెలుసు. ల్యాప్‌టాపుకు కూడా రంగు చూసి ధర కట్టకండి.

చిన్నది ముద్దొస్తుంది, కానీ...

చిన్న ల్యాప్‌టాపు అంటే 11 అంగుళాల చిల్లర తెర ఉన్నది. కిలో పైచిలుకు బరువు. బస్సులో ఒళ్లో పెట్టుకోవచ్చు, సంచిలో పట్టేస్తుంది. చూడగానే నచ్చుతుంది. 2007లో తైవాన్ కంపెనీ ఏసుస్ ఏడంగుళాల తెరతో చిన్న ల్యాప్‌టాపు తెచ్చాక ప్రపంచమంతా వీటి వెంట పడింది. నెట్‌బుక్కులు అన్నారు. కొన్నేళ్లకే ఆ మోజు తీరిపోయింది. కారణం చిన్న సైజు ఒక్కటే కాదు. చిన్నదానిలో నీరసమైన ఎద్దుల్ని కట్టి అమ్మడం కూడా.

ఇప్పుడూ అంతే. చిన్న తెర వాటిలో చవకవన్నీ ఎక్కువగా 4 జీబీ, ఈఎంఎంసీ సరుకే. పెద్ద పట్టిక తెరిస్తే సగం కనిపించదు. గంటలకొద్దీ చదివితే కళ్లు లాగుతాయి. ఇంట్లో నలభై దాటిన మీరు కూడా అప్పుడప్పుడు చూడాలంటే అక్షరాలు చీమల్లా ఉంటాయి. నా మాట వింటే 14 అంగుళాల తెర తీసుకోండి. కిలోన్నర బరువు పిల్లకు బరువేం కాదు. తెర గురించి ఫుల్ హెచ్‌డీయా అని ఒక్క మాట అడగండి. అవునంటే అక్షరం స్పష్టంగా ఉంటుంది.

వీటిలోనే ఇంకో రకం ఉంది. విండోస్ కాకుండా క్రోమ్ అనో, ఫోనులో ఉండే ఆండ్రాయిడ్ అనో వేరే వ్యవస్థతో వచ్చేవి. 2023లో జియో కంపెనీ తెచ్చిన జియోబుక్ కూడా ఇలా సొంత వ్యవస్థతో వచ్చిందే. పాఠాలు చూడడానికి, ఉత్తరాలు రాయడానికి ఇవి బాగానే ఉంటాయి, వైరస్ బాధ తక్కువ. కానీ కాలేజీలో చెప్పే ట్యాలీ లాంటి విండోస్ సాఫ్ట్‌వేర్లు వీటిలో మామూలుగా ఎక్కవు. కొనేముందు కాలేజీలో మాస్టారిని అడిగి, ఏ సాఫ్ట్‌వేర్ వాడతారో కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితం దుకాణంలో చూపించండి.

పని నేర్చిన ఎద్దు

కొత్తది 8 జీబీ, ఎస్‌ఎస్‌డీతో కొనే స్తోమత ఉంటే సంతోషం. లేకపోతే? అదే డబ్బుకు కొత్త లేగదూడ కొనకండి. నాలుగేళ్లు పని నేర్చిన ఎద్దును కొనండి. ఇదే ఈ వ్యాసంలో నా అసలు మాట.

హైదరాబాద్, బెంగళూరు లాంటి ఊళ్లలో పెద్ద కంపెనీలు ఉద్యోగులకు ఇచ్చిన ల్యాప్‌టాపులను మూడు, నాలుగేళ్లకు మార్చేస్తాయి. అవి ఆఫీసు పనికోసం గట్టిగా చేసినవి. కీలు, మూతలు, కీబోర్డు దృఢంగా ఉంటాయి. చాలావాటిలో ర్యామ్, ఎస్‌ఎస్‌డీ మార్చుకునే వీలుంది. వాటిని శుభ్రం చేసి, పాడైనవి మార్చి, రీఫర్బిష్డ్ అనే పేరుతో అమ్ముతారు. అదే కొలతల కొత్తదాని ధరలో ఇంచుమించు సగానికి అటూ ఇటూగా దొరుకుతాయి. 2025 చివరి నుంచి ప్రపంచమంతా ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ధరలు బాగా పెరిగాయి. కొత్తవాటి మీద ఆ భారం పడుతోంది కాబట్టి ఈ దారి గురించి మరింత ఆలోచించాలి.

"వాడిన సరుకు, రేపు పాడైతే?" అంటారు. నిజమే, భయం ఉండాలి. అందుకే ఎద్దుకు చూసినట్టే దీనికీ పళ్లు చూడాలి. ప్రాసెసర్ పేరు పక్కన అంకెలుంటాయి. ఐ5-8250 అని ఉంటే ఎనిమిదో తరం. ఐ5-6300 అయితే ఆరో తరం. ఐ5-10210 అయితే పదో తరం. ఆ అంకెలే దాని పళ్లు. ఇంటెల్‌లో ఎనిమిదో తరం కంటే పాతవాటికి విండోస్ 11 లేదని దాన్ని తయారు చేసిన మైక్రోసాఫ్ట్ కంపెనీయే చెప్పింది. విండోస్ 10కి మామూలు భద్రతా మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. అందువల్ల కంపెనీలు వదిలించుకున్న ఆరో తరం, ఏడో తరం పెట్టెలు బజారులో కుప్పలుగా ఉన్నాయి. ఐ5 అని బోర్డు పెట్టి, తరం చెప్పకుండా మనకు అంటగడతారు. ఐ5 అన్నది జాతి పేరు. వయసు చెప్పేది తరం. వయసు అడగకుండా జాతి చూసి ఎవడైనా ఎద్దును కొంటాడా?

పాత తరం పెట్టె చేతిలో ఉంటే పారేయాల్సిన పనిలేదు. లినక్స్ అనే ఉచిత వ్యవస్థ దానిలో చక్కగా నడుస్తుంది. కానీ అది వేసిచ్చే, నేర్పే మనిషి దగ్గరలో ఉంటేనే ఆ దారి పట్టండి.

దుకాణంలో పది నిమిషాలు

కొత్తదైనా, పాతదైనా ఈ పరీక్షలు చెయ్యండి. మీరు చెయ్యలేకపోతే పిల్ల చేత చేయించండి.

ఒకటి. పెట్టె ఆన్ చేయించి, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ ఒకేసారి నొక్కమనండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ అన్నచోట ర్యామ్ ఎంత, డిస్కు ఏ రకం, ప్రాసెసర్ ఏది అన్నీ కనిపిస్తాయి. దుకాణం వాడి నోటిమాట కంటే ఇది నిజం.

రెండు. చార్జరు తీసేసి అరగంట నడపండి. బ్యాటరీ నూటికి తొంభై నుంచి ఒక్కసారిగా అరవైకి దిగితే దాని పని అయిపోయినట్టే. కొత్త బ్యాటరీ వేయించమనండి, లేదా ధర తగ్గించమనండి.

మూడు. ప్రతి మీటా నొక్కి చూడండి. మూత పదిసార్లు తెరిచి ముయ్యండి. కీలు దగ్గర కిర్రుమంటే వద్దు. కెమెరా, మైకు, వైఫై, యూఎస్‌బీ రంధ్రాలు అన్నీ చూడండి. తెల్లటి పేజీ తెరిచి తెర మీద మచ్చలున్నాయేమో చూడండి.

నాలుగు. పాతదానికి పాత కంపెనీ తాళం ఉందేమో చూడండి. ఇంటర్నెట్‌కు కలపగానే ఏదో కంపెనీ పేరు చూపించి పాస్‌వర్డ్ అడిగితే, అది ఎంత చవకైనా ముట్టుకోవద్దు.

అయిదు. సెట్టింగ్స్‌లో విండోస్ యాక్టివేట్ అయిందో లేదో చూడండి. దొంగ విండోస్ వేసిస్తే రేపు వైరస్ బాధ మీది.

ఆరు. బిల్లు. ఇది అన్నిటికంటే ముఖ్యం. ల్యాప్‌టాపు మీద జీఎస్టీ 18 శాతం. బిల్లు లేకుండా తీసుకుంటే తగ్గిస్తాం అంటారు. తగ్గేది పన్ను, పోయేది మీ హక్కు. బిల్లు లేకపోతే వారంటీ లేదు. పైగా అది దొంగసొత్తయితే పోలీసు స్టేషను మెట్లెక్కేది మీరు. బిల్లు మీద సీరియల్ నంబరు, వారంటీ ఎన్ని నెలలో రాయించండి. పాతదానికైనా ఆరు నెలలకు తగ్గకుండా వారంటీ రాతపూర్వకంగా అడగండి. ఇవ్వనన్న దుకాణంలో కొనకండి.

సర్వీసు మాట కూడా అప్పుడే తేల్చుకోండి. చాలా కంపెనీల సర్వీసు సెంటర్లు విశాఖపట్నంలో ఉన్నాయి. ఒక్క మరమ్మతుకు రెండుసార్లు విశాఖ వెళ్లొస్తే బస్సు చార్జీలు, పోయిన కూలి కలిపి ఎంతవుతుందో లెక్క కట్టండి. ఇంటికొచ్చి బాగుచేస్తామనే వారంటీ ఉంటే, అది మన ఊరి పిన్‌కోడుకు వర్తిస్తుందా అని అడగండి.

మోసం జరిగితే ఊరుకోకండి. 1915 నంబరు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను. 2020 జూలైలో అమల్లోకి వచ్చిన వినియోగదారుల చట్టం ప్రకారం, మీరు నివసించే చోటే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చెయ్యవచ్చు. చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపయితే ఫిర్యాదుకు రుసుము లేదు.

వాయిదాల లెక్క

జీరో వడ్డీ, సులభ వాయిదాలు అని బోర్డులు చూస్తారు. వడ్డీ లేని అప్పు లోకంలో ఉందా? 2013 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకే సున్నా వడ్డీ అనేది అసలు లేనే లేదని బ్యాంకులకు చెప్పింది.

ఉదాహరణకు, రొక్కమిస్తే 28 వేలకు ఇచ్చే ల్యాప్‌టాపు వాయిదాల్లో నెలకు 2,500 చొప్పున పన్నెండు నెలలు అన్నాడనుకోండి. మొత్తం 30 వేలు. రెండు వేలే కదా అనిపిస్తుంది. కానీ మొదటి నెల నుంచీ తీరుస్తూ పోతారు కాబట్టి, సంవత్సరం పొడుగునా మీ నెత్తిన ఉన్న అప్పు సగటున పదిహేను వేలే. దాని మీద రెండు వేలంటే నెలకు నూటికి రూపాయి పైనే. దీనిపైన ప్రాసెసింగ్ ఫీజు వేరే.

అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. ఉద్యోగస్తుడికి నెలనెలా జీతం వస్తుంది. మనకు డబ్బు పంటతో వస్తుంది. వాయిదా ప్రతి నెలా వస్తుంది, చెరకు డబ్బు ప్రతి నెలా రాదు. ఒక వాయిదా తప్పితే జరిమానా, ఫోన్లు, ఇంటిముందు మనుషులు. కాబట్టి పంట డబ్బు చేతిలో ఉన్నప్పుడు రొక్కానికి కొనండి. రొక్కమని చెప్పి బేరమాడండి. చాలకపోతే ధర తక్కువున్న పని నేర్చిన ఎద్దు ఉండనే ఉంది.

ఇంటికొచ్చాక

మన కరెంటు సంగతి మనకు తెలుసు. ల్యాప్‌టాపుకు సొంత బ్యాటరీ ఉంది కాబట్టి కరెంటు పోయినా పని ఆగదు. డెస్క్‌టాప్ కంటే ఇదొక మేలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేని ఊళ్లున్నాయి. తుపాను హెచ్చరిక వినగానే ఫోనుతోపాటు దీన్నీ నిండా చార్జి చేసి పెట్టుకోండి. ఉరుములు మెరుపులప్పుడు ప్లగ్గు తీసెయ్యండి. ఇనుప ఒళ్లున్న ల్యాప్‌టాపు చార్జింగులో ఉన్నప్పుడు చెయ్యి జివ్వుమంటే ఎర్తింగు లేదని అర్థం. మోటారుకు ఎర్తు వేసుకున్నట్టే ఇంటికీ వేయించండి, మూడు పిన్నుల సాకెట్టే వాడండి.

కొన్నరోజే యాంటీవైరస్, ఆఫీసు సాఫ్ట్‌వేర్ అంటూ మరో మూడు, నాలుగు వేలు కలపబోతారు. విండోస్‌లో సొంత కాపలా ఉంది, అప్‌డేట్లు ఆపకపోతే అది చాలు. రాతపనికి లిబ్రే ఆఫీస్ ఉచితం, దర్జాగా వాడుకోవచ్చు. తెలుగు టైపు కూడా విండోస్‌లోనే ఉంది. అమ్మ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగులో వచ్చే కీబోర్డును 2019 నుంచి అందులోనే ఇస్తున్నారు. దీనికి ఎవరికీ డబ్బు ఇవ్వనక్కర్లేదు. పిల్ల రాసిన రిపోర్టు ఎప్పటికప్పుడు పెన్‌డ్రైవులో ఇంకో నకలు ఉంచమనండి. విత్తనం ఒక్క కుండలోనే దాచుకోం కదా!

రెండు మాటలు గట్టిగా

ఒకటి ఇంటివాళ్లకు. కొడుక్కి కొత్త ల్యాప్‌టాపు, కూతురికి ఫోను చాలు అనే లెక్క చాలా ఇళ్లలో నడుస్తోంది. ఎలాగూ పెళ్లి చేసి పంపేదే కదా అని. ఈ లెక్క తప్పు. పై మూడు కొలతల్లో ఆడపిల్లా మగపిల్లా అని ఎక్కడా లేదు. చదువు ఎవరిది ముందుంటే పెట్టె వాళ్లది. ఇద్దరూ చదువుతుంటే ఒకటే కొని పంచుకోమనండి. అన్నదమ్ముల పిల్లలు ముగ్గురుంటే ముగ్గురు తండ్రులూ కలిసి ఒక మంచిది కొన్నా తప్పు లేదు. ఇంజను, స్ప్రేయరు కలిసి కొని వాడుకున్నవాళ్లమే కదా మనం.

రెండోది కాలేజీలకు. చేరిన మొదటిరోజే పిల్లలకు ల్యాప్‌టాపు తెచ్చుకోండి అని చెప్పేసి ఊరుకోవడం సరికాదు. ఏ చదువుకు ఏ కొలతల పెట్టె కావాలో, ఏ సాఫ్ట్‌వేర్ వాడతారో తెలుగులో ఒక కాగితం మీద రాసి తల్లిదండ్రులకు ఇవ్వాలి. మొదటి సంవత్సరం అసలు అవసరమే లేకపోతే అదీ చెప్పాలి. కంప్యూటర్ ల్యాబు క్లాసులు అయ్యాక మరో గంట తెరిచి ఉంచితే, కొనలేని పిల్లలు అక్కడే పని చేసుకుంటారు. ఖర్చు పెద్దదేం కాదు, ఒక మనిషి ఆ గంట ఉండడమే. చేర్పించేటప్పుడు ఈ రెండూ అడగండి. ఒక్కరడిగితే వినకపోవచ్చు. పదిమంది తండ్రులు, పదిమంది తల్లులు అడిగితే వింటారు.

ల్యాప్‌టాపు లేని ఇల్లు తక్కువదేం కాదు. అవసరం లేనప్పుడు కొనకపోవడం పిసినారితనం కాదు, తెలివి. అవసరమైనప్పుడు మాత్రం చవక అనే మాటకు లొంగకండి. నేల గుణం చూడకుండా విత్తనం ఎంచుకోం, పళ్లు చూడకుండా ఎద్దును తోలుకురాం. ఎనిమిది జీబీ ర్యామ్, 256 ఎస్‌ఎస్‌డీ, ఎనిమిదో తరానికి తగ్గకుండా ప్రాసెసర్, చేతిలో బిల్లు. ఈ నాలుగూ అడగడానికి ఇంగ్లీషు రానక్కర్లేదు, చదువూ అక్కర్లేదు. సంతలో ఎద్దు ముందు నిలబడ్డ ధైర్యంతోనే దుకాణంలో కూడా నిలబడండి. సొమ్ము మీది, అడిగే హక్కూ మీదే.